ఇరవై ఆరు పేర్ల కాగితం

రజిత మొదటి గెలుపు ఇరవై ఆరు మంది రైతుల నీటి వంతును ఒక్క కాగితం మీదికి దించడం. అందులో ఒక్క పేరూ తప్పిపోకూడదు, ఒక్క పేరూ రెండుసార్లు పడకూడదు. వినేవాళ్లకు ఇదేం పెద్ద పని అనిపిస్తుంది. ఆ పిల్లకు మాత్రం నలభై మూడు రోజులు పట్టింది. ఆ నలభై మూడు రోజులూ అనంతసాగరం మండలంలోని తన ఇంటి వసారాలో కూర్చుని కళ్లారా చూసినవాడు జనార్దనయ్య.

రజిత ఉదయగిరి కొండ కింద గొర్రెలు మేపుకునే చెంచయ్య కూతురు. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమే. ఇంటర్లో మండలానికి మొదటి మార్కులు ఆమెవే. ఆత్మకూరులో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం దాకా ఒక్క సబ్జెక్టూ తప్పకుండా వచ్చిన మనిషీ ఆమే. ఏటా కోతలయ్యాక చెంచయ్య తన మందను కాలువ కిందికి తోలుకొచ్చి, కోసిన వరి కయ్యల్లో రాత్రిళ్లు నిలుపుతాడు. గొర్రెల పెంట పొలానికి బలం. మంద మొదట నిలిచేది ఎప్పుడూ జనార్దనయ్య కయ్యల్లోనే. ఆ రాకపోకల్లోనే, చేతిలో చిన్న కర్ర పట్టుకుని గొర్రెపిల్లల వెంట నడిచిన రోజుల నుంచి ఆయనకు ఆ పిల్ల తెలుసు. హాస్టల్లో సీటుకు పూచీగా సంతకం పెట్టింది కూడా ఆయనే. ఆ సంతకం సంగతి ఊళ్లో వినని మనిషి లేడు.

జనార్దనయ్య చదివింది ఊరి బడిలో ఐదో తరగతి. చేసినవి మాత్రం చాలా ఉన్నాయి. తొంభై ఒకటిలో కాలువకు కొత్త తూము వేయించాడు. వాగు మీద చప్టా కట్టించాడు. పోటీ లేకుండా పన్నెండేళ్లు నీటి సంఘానికి పెద్దగా ఉన్నాడు. కాలువకు నీళ్లు వదిలిన రోజు తూము దగ్గర టెంకాయ కొట్టేదీ ఆయనే, మొదటి నీళ్లు పారేదీ ఆయన ఆరెకరాలకే. వాళ్ల తాత నాటి నుంచి అదే పద్ధతి. దాన్ని ఎవరూ ఎక్కడా రాయలేదు, ఎవరూ కాదనలేదు.

వంతు అంటే పదమూడు రోజులు, రోజుకు ఇద్దరు. ఎవరి తర్వాత ఎవరు అన్నదే చిక్కు. ఇసుక నేల ఐదారు రోజులకే నెర్రెలిస్తుంది, రేగడి పది రోజులు ఆగుతుంది. ముందు నాటిన పైరుకు ముందు కావాలి. పక్కపక్క కయ్యలకు వెంటవెంటనే పారిస్తే పిల్లకాలువ మళ్లీ తడిసే దాకా ఆగనక్కర్లేదు, నీళ్లు మిగులుతాయి. జనార్దనయ్య దీన్నంతా నోటు పుస్తకంలో తన బుర్రతోనే సర్దేవాడు. ఆయన సర్దిన వంతులో ఏటా అందరి కయ్యలూ కలిపి నలభై రోజులకు తక్కువ కాకుండా ఎండేవి. అంతకంటే ఎవరి వల్లా కాదని ఆయన నమ్మకం.

"ఇరవై ఆరు పేర్లని ఎన్ని రకాలుగా వరసబెట్టొచ్చో తెలుసా తాతా?" అని అడిగింది రజిత, ఇంజనీరింగ్ మూడో ఏట ప్రాజెక్టు కోసం ఆ వంతు లెక్కే తీసుకుంటానని వచ్చిన రోజు.

"ఓ వెయ్యి ఉంటాయా?"

"ఇరవై ఏడు అంకెల సంఖ్య. ఒక్కొక్కటీ చూసుకుంటా పోతే లోకం ముగిసిపోద్ది."

"మరెట్ట?"

"మా నాయన మందని ఎట్ట బాగుచేస్తాడో అట్ట."

చెంచయ్య మందలో మంచి పొట్టేలును, మంచి గొర్రెను చూసి కలుపుతాడు. పుట్టిన పిల్లల్లో నిలబడగలిగిన వాటిని ఉంచుకుంటాడు. రజిత కంప్యూటర్లో చేసిందీ అదే. ముందు ఇష్టమొచ్చినట్టు వంతు కాగితాలు వంద పుట్టించింది. ఒక్కో కాగితం ప్రకారం పారిస్తే ఎన్ని కయ్యలు ఎన్ని రోజులు ఎండుతాయో లెక్క కట్టింది. తక్కువ ఎండే కాగితాలను రెండేసి జత చేసి, ఒకదాని ముందు సగాన్ని ఇంకోదాని వెనక సగానికి అతికించి పిల్ల కాగితాలు తీసింది. వాటిల్లో మంచివి మళ్లీ జత. ఇట్లా వందల తరాలు, కళ్లు మూసి తెరిచేంతలో.

మొదట్లో అతుకు కుదరలేదు. ఈ కాగితం ముందు సగంలో ఎరువుల కొట్టు సురేంద్రబాబు ఉన్నాడు, ఆ కాగితం వెనక సగంలోనూ సురేంద్రబాబే ఉన్నాడు. అతికిస్తే ఆయనకు రెండు వంతులు పడ్డాయి, కాలువ చివరి ఓబమ్మకు వంతే లేదు. సురేంద్రబాబు ఆ కాగితం చూసి, "ఇంత న్యాయమైన యంత్రం నేనింతవరకూ చూళ్లేదు బాబాయ్, దీన్నే ఖాయం చేసేయండి" అన్నాడు. అందరూ నవ్వారు. రజిత కూడా నవ్వింది గాని, ఆ సాయంత్రం జనార్దనయ్య భార్య దేవకమ్మ పెట్టిన అన్నం తినకుండానే ఆత్మకూరు బస్సెక్కింది.

నలభై మూడో రోజున దారి దొరికింది. ముందు సగం తల్లి కాగితంలోంచి ఉన్నది ఉన్నట్టు తీసుకోవాలి. మిగతా పేర్లలో ఇంకా రాని వాళ్లను మాత్రమే తండ్రి కాగితంలో ఉన్న వరసలో రాసుకోవాలి. పేరు తప్పదు, రెండుసార్లు పడదు. ఇద్దరి మంచీ పిల్లకు వస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. నూరు పిల్ల కాగితాల్లో రెండు మూడింటిని పట్టుకుని, చూడకుండా ఎవరో ఇద్దరి పేర్లు తారుమారు చేసేది. "బాగున్నదాన్ని చెడగొట్టడమెందుకు?" అని జనార్దనయ్య అడిగాడు. "చాలాసార్లు చెడిపోద్ది తాతా, దాన్ని పారేస్తాను. ఎప్పుడో ఒకసారి, ఎవురికీ తట్టనిది వస్తాది" అంది. ఈ తారుమారును ఒకసారి నూటికి నలభై పెట్టి చూసింది. అప్పుడు దొరికిన మంచి కూడా నిలవలేదు, డబ్బాలో చీట్లు కలిపినట్టయింది. మళ్లీ రెండుకే వచ్చింది.

ఆ ఏడు అందరి కయ్యలూ కలిపి ఎండింది తొమ్మిది రోజులు. నలభై ఎక్కడ, తొమ్మిది ఎక్కడ! జనార్దనయ్య ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి సంఘం గదిలో గోడకు కొట్టించాడు. ఆ ఏడు ఆయన అందరికంటే ముందు నాటాడు కాబట్టి కాగితంలోనూ మొదటి పేరు ఆయనదే వచ్చింది. "చూసినారా, కంప్యూటరుకు కూడా తెలుసు, మొదటి నీళ్లు ఎవురివో" అని కనబడిన ప్రతివాడికీ చెప్పాడు. ఓబమ్మ ఆలస్యంగా నాటింది గనక ఆమెకు తొమ్మిదో రోజు. సరిగ్గా సరిపోయింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆమె రెండెకరాలూ నిండుగా పండాయి.

రెండో ఏడు అదంతా తిరగబడింది. తుపాను వానకు జనార్దనయ్య నారుమడి కొట్టుకుపోయి, మళ్లీ నారు పోసి నాటేసరికి జనవరి వచ్చింది. ఓబమ్మ కిందటేటి నీళ్లు చూసిన ధైర్యంతో ఈసారి అందరికంటే ముందు నాటింది. రజిత కొత్త వివరాలన్నీ పెట్టి కాగితం తీసింది. మొదటి పేరు ఓబమ్మది. జనార్దనయ్యది పదకొండో రోజు. మళ్లీ నడిపితే ఇంకో కాగితం వచ్చింది, అందులో ఓబమ్మ మొదటే, జనార్దనయ్య పన్నెండో రోజు.

ఆయనకు ఎక్కడో సూది గుచ్చుకున్నట్టయింది. అది పైకి చెప్పలేదు. ఇంకోటి చెప్పాడు.

"ఏందమ్మీ ఇది? నొక్కినప్పుడల్లా ఒక మాట. సంఘం మాట అంటే ఒకటే ఉండాల. ఆ తారుమారు ఉండాదే, అది ఆపెయ్యి."

"ఆపితే కొత్తది పుట్టదు తాతా."

"కొత్తది ఎందుకు? నిరుడు బాగా వచ్చిన ఇరవై కాగితాలు ఉండాయి గదా. వాటినే కలుపు. మంచివాటికి మంచివే పుడతాయి."

రజిత ఆ ఇరవై కాగితాలూ తెర మీద తెరిచింది. "ఆ ఇరవైలోనూ మొదటి పేరు మీదే తాతా. ఓబమ్మవ్వ అన్నింట్లో ఎనిమిదో రోజో, తొమ్మిదో రోజో. ఎంత కలిపినా లేనిది యాడినుంచి వస్తాది? అన్నింటికీ ఒకటే మొహం అయిపోద్ది."

"ఒకటే మొహం అయితేనే మంచిది. జనం అడిగితే ఒకటే చెప్పొచ్చు."

"నిరుటి పైరు వేరు, ఇప్పటి పైరు వేరు."

"హాస్టలుకు సంతకం పెట్టినప్పుడు ఇన్ని మాటలు లేవే!" అన్నాడాయన నవ్వుతూ.

నవ్వుతూనే అన్నాడు. ఆ తర్వాత వారాల తరబడి మంచం మీద పడుకున్నప్పుడల్లా, పళ్లు తోముకున్నప్పుడల్లా ఆయనకు గుర్తొచ్చింది ఆ నవ్వే.

రజిత తారుమారును సున్నాకు తగ్గించింది. ఇరవై పాత కాగితాలు పెట్టింది. కాసేపటికే తెర మీద కాగితాలన్నీ ఒకటే అయిపోయాయి. ఎన్ని తరాలు తిప్పినా అక్షరం కదల్లేదు. "చూసినావా, ఎంత గట్టిగా నిలబడిందో" అన్నాడు జనార్దనయ్య. "నిలబడలేదు తాతా, ఇరుక్కుపోయింది" అంది రజిత. ఆయన వినలేదు, లేక విననట్టున్నాడు. కాగితం గోడకెక్కింది. తూము దగ్గర టెంకాయ కొట్టాడు. అవసరం లేని ఆరెకరాలకు మొదటి నీళ్లు పారాయి.

ఓబమ్మ పైరు అప్పటికి పొట్టకొచ్చింది. ఆరో రోజున నేల నెర్రెలిచ్చింది. తొమ్మిదో రోజు నీళ్లు వచ్చేసరికి వెన్ను గింజ పట్టకుండా తెల్లబడింది. ఇసుక నేల రైతులు ఇంకో నలుగురికీ అంతే. అంతా కలిపి ముప్పై ఎనిమిది రోజులు ఎండాయి.

ఫిబ్రవరి మొదటి వారంలో సంఘం గదిలో మీటింగు పెట్టారు. ఓబమ్మ తెల్లబడిన వెన్నులు నాలుగు పీకి తెచ్చి బల్ల మీద పెట్టింది. డెబ్బై దగ్గర పడిన మనిషి, ఎవరినీ తిట్టలేదు. "ఇవి ఊదితే ఎగిరిపోతుండాయి, చూడండి" అంది అంతే.

సురేంద్రబాబు లేచాడు. "గొర్రెల్ని కలిపినట్టు మనుషుల్ని కలిపితే ఇట్నే ఉంటాది. ఏం పాపా, నీ కంప్యూటరుకు దిష్టి తగిలిందా?"

"చదువుకునే పిల్లకాయల చేతిలో కాలువ పెట్టినందుకు మనకే బుద్ధి లేదురా" అన్నాడు వెనక నుంచి ఇంకెవరో.

రజిత జనార్దనయ్య వైపు చూసింది. అడిగినట్టు కాదు, ఊరికే చూసింది. ఆయన భుజం మీది తువాలు తీసి, దులిపి, మళ్లీ వేసుకున్నాడు. ఆ తువాల్లో దులపడానికి ఏమీ లేదు.

"తప్పు నాదే" అంది రజిత. బల్ల మీది వెన్నుల్లో ఒకటి తీసుకుని పుస్తకంలో పెట్టుకుని, ఓబమ్మకు దండం పెట్టి వెళ్లిపోయింది.

అప్పటి నుంచి జనార్దనయ్యకు అన్నం దిగలేదు. ఎవరైనా ఆ పిల్లను అంటే అవునని అనలేదు, కాదనీ అనలేదు. దేవకమ్మ నెల రోజులు చూసింది. ఒకరోజు కంచం ముందు పెట్టి అడిగేసింది.

"ఆ పిల్లతో అది ఆపమని చెప్పింది నువ్వు గదా? నేను వంటింట్లోంచి విన్నాను."

"నిన్నెవరు వినమన్నారు?"

"చెవులుండాయి, విన్నాను. పన్నెండేళ్ల పెద్దరికం ఆ బిడ్డ నెత్తిన పెట్టి కూర్చోనుండావు. తిను, చల్లారిపోతాది."

ఆయన తినలేదు. మర్నాడు పొద్దున ఆత్మకూరు వెళ్లి, అక్కడ ఉదయగిరి బస్సెక్కాడు. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాడు. చప్టా కట్టించిన రోజు మాట్లాడినట్టు గట్టిగా, సూటిగా చెప్పాలనుకున్నాడు. బస్సు దిగేసరికి ఒక్కటీ గుర్తులేదు.

చెంచయ్య దొడ్డి దగ్గర గొర్రెపిల్లకు మందు తాగిస్తున్నాడు. చూడగానే లేచి నిలబడ్డాడు. "పెద్దయ్యా! తమరు వచ్చినారా ఇంత దూరం! కబురంపితే నేనే రానా?"

"పాప యాడ చెంచయ్యా?"

"కొండ వాలులో ఉండాది, మంద కాడ. కాలేజీకి పోనంటుండాది. కంప్యూటరు గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టింది. ఏప్రిల్ ఇరవైకి ప్రాజెక్టు పుస్తకం ఇచ్చి, వాళ్ల సార్ల ముందు నిలబడి చెప్పాలంట. ఇయ్యకపోతే ఏడాది పోతాదంట. అడిగితే నోరు తెరవదు. తమరైనా అడగండి పెద్దయ్యా, తమరి మాట వింటాది."

తమరి మాట వింటాది. జనార్దనయ్య ఆ మాట మోసుకుంటూ రాళ్ల దారిలో వాలు ఎక్కాడు. రజిత ఒక బండ మీద కూర్చుని ఉంది. ఆయన్ను చూసి గబగబా దిగి వచ్చి చెయ్యి అందించింది. అది ఆయనకు ఇంకా కష్టమైంది.

"పుస్తకం ఎందుకు ఇయ్యవు అమ్మీ?"

"రెండో ఏడు ఎందుకు చెడిందో రాయాల తాతా. అది రాయకుండా ఇస్తే అబద్ధం."

"రాయి మరి."

"తారుమారు సున్నా పెట్టినానని రాస్తాను. ఎందుకు పెట్టినావని సార్లు అడుగుతారు. సంఘం పెద్ద చెప్పినాడని రాయాల. ఆ పుస్తకం ఊరికొస్తాది. సురేంద్రబాబు చదువుతాడు, చదివి పదిమందికీ వినిపిస్తాడు." ఆమె మంద వైపు చూసింది. "నా సీటుకు సంతకం పెట్టింది మీరు. నా చేత్తో అది రాయలేను. అబద్ధమూ రాయలేను. అందుకే ఇయ్యట్లేదు."

జనార్దనయ్య అక్కడే రాయి మీద కూలబడ్డాడు. ఈ పిల్ల అలిగి వచ్చిందనుకున్నాడు ఇన్నాళ్లూ. తన పేరు కాపాడడానికి ఏడాది చదువు పోగొట్టుకుంటోంది. తను చేసిందేమిటంటే తువాలు దులిపాడు.

"తప్పు చేసినానమ్మీ" అన్నాడు. "జనం నవ్వుతారని కాదు ఆపమన్నది. కాగితంలో నా పేరు పదకొండో రోజు పడింది, చూడలేకపోయినాను. నీళ్లు నాకు అక్కర్లేదని తెలుసు నాకు. అయినా మొదటి నీళ్లు కావాల్సొచ్చింది."

ఒక గొర్రె వచ్చి ఆయన తువాలు నమలబోతే రజిత దాన్ని తోలింది.

"ఈ మాట నాకు చెబితే ఏం లాభం తాతా? నాకు తెలుసు గదా. తెలియంది ఓబమ్మవ్వకి."

మార్చి పదిహేనున ఆయన మళ్లీ మీటింగు పెట్టించాడు. అందరూ వచ్చారు. ఈసారి కూర్చోలేదు. తూము వేయించిన సంగతి, చప్టా కట్టించిన సంగతి అలవాటుగా నోటికి వచ్చాయి, మింగేశాడు.

"ఆ పిల్ల మొదట తీసిన కాగితంలో ఓబమ్మది మొదటి పేరు. దాన్ని పారేయించింది నేను. పాత కాగితాలే పెట్టమన్నది నేను. వద్దని ఆ పిల్ల మూడుసార్లు చెప్పింది. సీటుకు సంతకం పెట్టినానని దెప్పి నోరు మూయించినాను. ఈ గదిలో ఆ పిల్ల తప్పు నాదే అంటే వింటా కూర్చున్నాను. తప్పు నాది."

సురేంద్రబాబు కుర్చీలోంచి సగం లేచాడు. "నేనూ ఎక్కువే అన్నాను లే బాబాయ్ ఆ పాపని" అన్నాడు.

ఓబమ్మ కొంగు సర్దుకుంది. "ఇప్పుడు చెబుతుండావు. వెన్ను తెల్లబడక ముందు చెప్పి ఉంటే నాలుగు గింజలన్నా దక్కేవి గదయ్యా."

"దక్కేవి."

"పాపం ఆ పిల్ల నాకు దండం పెట్టి పోయింది. నేను దీవించను కూడా లేదు." ఆమె లేచింది. "నువ్వు చెప్పింది బాగుండాది. నా కడుపు మాత్రం చల్లారలేదు."

చల్లారాలని ఆయన అడగలేదు. వచ్చే పంటకు మొదటి నీళ్లు ఎవరివో కాగితమే చెబుతుందని, తారుమారు ఎంత ఉండాలో రజితే చెబుతుందని, టెంకాయ కాగితంలో మొదటి పేరు వచ్చినవాళ్లే కొడతారని చెప్పాడు. అదంతా మినిట్స్ పుస్తకంలో రాయించి, తన చేత్తో సంతకం పెట్టాడు. అవే ఐదో తరగతి అక్షరాలు. ఆ పేజీని ఫోనుతో ఫోటో తీయించి రజితకు పంపించాడు. కింద ఒక మాట రాయించాడు: "నీ పుస్తకంలో నా పేరు రాయి అమ్మీ. పూర్తి పేరు రాయి."

రెండు రోజులు ఆయన ఫోను చేతిలోనే పట్టుకుని తిరిగాడు. మూడో రోజు చెంచయ్య ఫోను చేశాడు. అటక మీద నుంచి గోనెసంచి దిగిందట. పాప రాత్రీ పగలూ రాసుకుంటోందట. ఈసారి మందను కాస్త ముందే దించుతున్నామని, మిగిలిన లెక్కలు వసారాలో కూర్చుని చూసుకోవడానికి పాప కూడా వెంట వస్తుందని చెప్పాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు.

"పెద్దయ్యా, ఒక మాట. కోపం చేసుకోవద్దు. ఈ ఏడు మందని ముందు ఓబమ్మ కయ్యల్లో నిలపమంటుండాది పాప. మా తాత నాటి నుంచీ తమరి కయ్యల్లోనే గదా ముందు..."

"ముందు ఓబమ్మ కయ్యల్లోనే నిలుపు" అన్నాడు జనార్దనయ్య. "నావి ఆగుతాయి."

దేవకమ్మ వసారాలో బల్ల తుడిచి పెట్టింది, కంప్యూటరు పెట్టుకోవడానికి. ఓబమ్మ తన కయ్యల్లో కొయ్యకాళ్ల మధ్య ముళ్లకంప ఏరి గట్టున వేసింది. సంఘం గది గోడ మీది పాత కాగితాన్ని జనార్దనయ్య తనే మేకులు పీకి తీశాడు. అది ఉన్నంత మేర గోడ తెల్లగా మిగిలింది. పక్కనే ఉన్న క్యాలెండరులో రజిత వచ్చే రోజు చుట్టూ పెన్సిలుతో గీత గీశాడు: ఏప్రిల్ పద్నాలుగు, మంగళవారం.